చెక్ ట్రే చదివే యాప్, దాని వెనక ఉన్న మేత కంపెనీ: ఒక పంట అనుభవం

ఇందుకూరుపేట మండలంలో, మైపాడుకు వెళ్ళే దారిలో మాకు మూడు రొయ్యల గుంటలు ఉన్నాయి. ఒక్కొక్కటి ఎకరం. ఫిబ్రవరి మొదట్లో వనామి రకం రొయ్య పిల్ల వదిలి జూన్ మొదటి వారంలో పట్టుబడి చేసిన పంటకు, ఎకరాకు 3,000 రూపాయల చొప్పున కట్టి ఒక సలహా సేవను వాడాను. అది ఒక స్టార్టప్ నడుపుతున్న సేవ. ఇందులో ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి దాని పేరు రాయడం లేదు. అందులో పెద్ద పెట్టుబడి మేత, మందులు అమ్మే ఒక కంపెనీకి చెందిన, చిన్న సంస్థల్లో వాటాలు కొనే వెంచర్ విభాగానిదని నాకు పంట సగంలో తెలిసింది. తెలిసిన దగ్గర నుంచి అదే సలహాను వేరే కళ్ళతో చదవాల్సి వచ్చింది.

ముందు పనితీరు చెబుతాను. మేత చల్లిన రెండు గంటలకు చెక్ ట్రే (రొయ్యలు ఎంత తిన్నాయో చూడడానికి గుంటలో దించే వల పళ్ళెం) పైకి లాగి ఫోన్‌తో ఫోటో తీస్తే, అందులో ఎంత మేత మిగిలిందో యాప్ అంచనా కట్టి, తరువాతి పూటకు ఎంత వేయాలో కిలోల్లో చెబుతుంది. వారానికి ఒకసారి వాళ్ళ కుర్రవాడు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకుపోతాడు. మర్నాటికల్లా పీహెచ్, ఉప్పు శాతం, ఆల్కలినిటీ, అమ్మోనియా, వైబ్రియో (రొయ్యకు జబ్బు తెచ్చే బ్యాక్టీరియా) లెక్కలు తెలుగులోనే ఫోన్‌కు వస్తాయి. ఈ ల్యాబ్ పనిలో నాకు వంక కనిపించలేదు. రెండుసార్లు అదే నీటిని నెల్లూరులో వేరే ల్యాబ్‌కు కూడా పంపి సరిచూసుకున్నాను, పెద్ద తేడా రాలేదు.

ట్రే చదవడంలో మాత్రం దానికి కొన్ని లోపాలున్నాయి. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడి వల మీద నీటి మెరుపు ఉన్నప్పుడు తీసిన ఫోటోలో, రొయ్యలు విడిచిన పొట్టును కూడా అది మిగిలిన మేత కిందే జమకట్టి, మేత తగ్గించమంది. అమావాస్యకు, పున్నమికి పొట్టు విడిచే రోజుల్లో మేత తగ్గించాలన్నది మా గుంటకాడ కాపలా ఉండే మనిషికి కూడా తెలిసిన సంగతే కనుక, ఆ పూట యాప్ తప్పు కారణం చూపి సరైన మాట చెప్పినట్టయింది. ట్రేకు గొడుగు అడ్డం పెట్టి ఫోటో తీయడం మొదలుపెట్టాక ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది. గొడుగు సంగతి కంపెనీవాళ్ళు చెప్పింది కాదు.

ఫలితం అంకెల్లో చూస్తే, అంతకుముందు సెప్టెంబరులో వేసిన పంటలో కిలో రొయ్యకు కిలోన్నర మేత పట్టింది, ఈ పంటలో ఆ లెక్క (ఎఫ్‌సీఆర్) 1.35 దగ్గర ఆగింది. మూడు గుంటల్లో కలిపి ఏడున్నర టన్నులు తీశాము కాబట్టి, ఆ తేడా 1,125 కిలోలు, అంటే 25 కిలోల సంచులు 45. కిలో 90 రూపాయల లెక్కన లక్ష రూపాయల పైమాటే. అయితే ఈ ఘనత మొత్తం యాప్‌కు కట్టబెట్టలేను. సెప్టెంబరు పంట ఈశాన్య వానల్లో, చలిలో సాగింది, రొయ్య మేత సరిగా ముట్టని రోజులు అందులో ఎక్కువ. వేసవి పంటకు ఆ బెడద లేదు. సగం యాప్‌ది, సగం ఎండది అని నా అంచనా.

మందుల దగ్గరే అసలు పేచీ వచ్చింది. పిల్ల వదిలిన 48వ రోజున రెండో గుంటలో రొయ్యల పేగు పలచబడినట్టు కనిపించింది, ల్యాబ్ లెక్కలో వైబ్రియో పచ్చ కాలనీలు (జబ్బు ముప్పుకు గుర్తు) కాస్త పెరిగాయి. ఆ సాయంత్రమే యాప్‌లో నాలుగు మందుల జాబితా వచ్చింది: పేగుకు ప్రోబయోటిక్, నీటికి ఒకటి, అడుగు మట్టికి ఒకటి, మినరల్ మిక్స్. నాలుగూ ఒకే కంపెనీవి, పక్కనే కొనుగోలు మీట. అదే సరుకు మా ఊరి దుకాణంలో వేరే పేరుతో తక్కువకు దొరుకుతుందని నాకు తెలుసు. కుర్రవాణ్ణి అడిగితే, "వేరేవాళ్ళది వాడితే రిజల్ట్ మా పూచీ కాదన్నా" అన్నాడు. అబ్బాయి మంచివాడే, అతనికి పైనుంచి వచ్చిన మాట అది. పంట మొత్తానికి మందుల ఖర్చు అంతకుముందు 40,000 ఉండగా, ఈసారి 78,000 దాటింది. మేతలో మిగిలిన దానిలో మూడో వంతుకు పైగా ఇటు నుంచి పోయింది.

ఆ రాత్రి కూర్చుని ఈ స్టార్టప్‌కు డబ్బు ఎక్కడిదో వెతికితే, ఆ కంపెనీ వెంచర్ విభాగం సంగతి బయటపడింది. పెద్ద కంపెనీ ఇలా బయటి ఆలోచనలను దగ్గర చేసుకోవడాన్ని వ్యాపార పాఠాల్లో ఓపెన్ ఇన్నొవేషన్ అంటారు. కొత్త ఆలోచనలన్నీ తన ల్యాబ్‌లోనే పుట్టాలని పట్టుబట్టకుండా, బయట పుట్టినవాటిని కంపెనీ లోపలికి తెచ్చుకోవడమన్న ఈ పద్ధతికి 2003లో హెన్రీ చెస్‌బ్రో ఆ పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అధిపతి లాఫ్లీ అంతకుముందే, 2000లో, తమ కొత్త సరుకుల్లో సగం బయటి ఆలోచనల నుంచి రావాలని లక్ష్యం పెట్టుకున్నారు. బయట ఉన్నదాన్ని దగ్గర చేసుకునే ఒక దారి, చిన్న సంస్థలో వాటా కొనడం. మామూలు వెంచర్ ఫండ్ వాటా అమ్మినప్పుడు వచ్చే లాభం ఒక్కటే చూస్తుంది. కంపెనీ వెంచర్ విభాగం దానితోపాటు తన అసలు వ్యాపారానికి ఏం ఒరుగుతుందో కూడా చూస్తుంది. రొయ్యల సాగు ఖర్చులో సగానికి పైగా మేతే కాబట్టి, ఏ గుంటలో రొయ్య ఏ పూట ఎంత తింటున్నదో చూడగలిగిన కిటికీ మేత కంపెనీకి ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు.

ఇలాంటి పెట్టుబడి చెడ్డదని తేల్చేయడం న్యాయం కాదు. 2012లో విజయవాడలో మొదలైన, రొయ్యల గుంటలకు పరికరాలు చేసే ఏరువాక టెక్నాలజీస్‌లో, స్క్రెట్టింగ్ పేరుతో చేపల, రొయ్యల మేత అమ్మే నెదర్లాండ్స్ సంస్థ న్యూట్రెకో 2018లో పెట్టుబడి పెట్టింది. మన దగ్గర పుట్టిన పరికరం దేశం దాటాలంటే అంత పెద్ద అమ్మకపు యంత్రాంగం తోడు కావాలి. విత్తనాల కంపెనీ మోన్‌శాంటో 2013లో వాతావరణ సమాచారం అమ్మే క్లైమేట్ కార్పొరేషన్‌ను దాదాపు 93 కోట్ల డాలర్లకు పూర్తిగా కొనేసినప్పుడు, అమెరికా రైతులు అడిగిన ప్రశ్న మాత్రం ఇప్పుడు మా గట్టు మీదికి వచ్చింది: పొలం లెక్కలు ఎవరివి?

నాకు ఆ ప్రశ్న ఒక ఫోన్ రూపంలో వచ్చింది. 62వ రోజున, నేనెప్పుడూ సరుకు తీసుకోని ఒక డీలరు ఫోన్ చేసి, "మీ మూడో గుంటలో పద్నాలుగు గ్రాములకు వచ్చిందంట గదన్నా, మేత నెంబరు మార్చాల" అన్నాడు. ఆ బరువు ముందురోజు మధ్యాహ్నం వలేసి తూచి యాప్‌లో నేనే ఎక్కించింది, ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పలేదు. నిబంధనలు తెరిచి చూస్తే, సేవ మెరుగుదల కోసం వివరాలను భాగస్వాములతో పంచుకోవచ్చన్న వాక్యం ఒకటి ఇంగ్లీషులో, కింద ఎక్కడో ఉంది. సలహాలన్నీ తెలుగులో ఇచ్చేవాళ్ళకు ఈ ఒక్క వాక్యం తెలుగు చేయడానికి తీరిక దొరకలేదు. పంట అయ్యాక నా గుంటల చరిత్ర మొత్తం ఇమ్మని అడిగితే నీటి పరీక్షల నివేదికలు ఇచ్చారు, మూడు వందలకు పైగా నేను తీసిన ట్రే ఫోటోలు ఇవ్వలేదు.

ఈ సేవ ఎన్నాళ్ళుంటుందన్నది ఇంకో సంగతి. పెట్టుబడి పెట్టిన పెద్ద కంపెనీకి కష్టకాలం వస్తే మొదట కదిలేది ఇలాంటి విభాగమే. 1991 నుంచి ఉన్న తన వెంచర్ విభాగం ఇంటెల్ క్యాపిటల్‌ను విడదీసి వేరే ఫండ్‌గా చేస్తామని ఇంటెల్ 2025 జనవరిలో ప్రకటించింది, కొత్త అధిపతి లిప్-బూ టాన్ వచ్చాక కొన్ని వారాల్లోనే ఆ ఆలోచన మానుకుంది. అంత పెద్ద సంస్థలోనే మాట ఇలా అటూ ఇటూ అవుతుంటే, పంట మధ్యలో మా కుర్రవాడు రావడం మానేయడు అని ఎవరు చెప్పగలరు?

వాటా కొనకుండా, స్టార్టప్ తయారుచేసినదాన్ని తొలి కొనుగోలుదారుగా కొని వాడుకునే పద్ధతి ఒకటి ఈ పదేళ్ళలో బలపడింది. దీన్ని వెంచర్ క్లయింట్ అంటున్నారు, బీఎండబ్ల్యూ 2015లో స్టార్టప్ గ్యారేజ్ పేరుతో దీన్ని మొదలుపెట్టింది. మాకు పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం. యాంటీబయోటిక్ అవశేషాలు దొరికితే కంటెయినర్ వెనక్కి వస్తుందన్న భయం ఎగుమతిదారుకు ఉంది. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు అటువైపు సరుకు పంపేవాళ్ళు ఎంత బిగుసుకుపోయారో కూడా చూశాము. వాళ్ళు తమకు సరుకిచ్చే రైతుల కోసం ఈ సేవను కొనిపెడితే, మందు అమ్ముడుపోవడం కంటే మందు వాడకపోవడమే వాళ్ళకు లాభం కనుక, సలహా మొగ్గు ఇటు తిరుగుతుంది. ఎగుమతిదారు ధర దగ్గర మన లెక్కలు చూసి బేరమాడడా అంటే ఆడతాడు. కానీ ఆ బేరం ఎదురుగా నిలబడి ఆడేది.

డబ్బు పెట్టలేనివారికి చెన్నైలోని సీబా (ఉప్పునీటి చేపల, రొయ్యల సాగు మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ) వనామి సాగు మీద ఒక యాప్ ఇస్తోంది. అది ట్రే ఫోటో చదవదు, కానీ దానికి అమ్మాల్సిన సంచీ కూడా లేదు.

మేత లెక్కకు, నీటి పరీక్షకు ఈ సేవ కట్టిన డబ్బుకు తగినదే. మందుల జాబితా వచ్చినప్పుడు మాత్రం సరుకు పేరు వదిలేసి అందులో ఏముందో చదివి, దుకాణంలో అడిగి కొనుక్కోవడం మేలు. వచ్చే పంటకు కొనసాగించాలంటే, నా గుంటల బరువులు, ఫోటోలు మేత కంపెనీకి చేరవని తెలుగులో రాసి ఇమ్మని అడిగాను. కుర్రవాడు పైవాళ్ళను అడిగి చెబుతానన్నాడు. పిల్ల వదలడానికి ఇంకా మూడు వారాలుంది, జవాబు రాలేదు.