తీగ పీకినా చెదరని డబ్బా: ఆల్పైన్ లైనక్స్‌తో నాలుగో ఏడు

మా ఇంట్లో ఆల్పైన్ లైనక్స్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్ ఒకటి ఉంది. దాన్ని ఆపేది అమ్మ. రాత్రి ఎనిమిదిన్నరకు ముందు గదిలో లైటు, ఫ్యాను ఆపి, అదే చేత్తో దాని స్విచ్ కూడా ఆపేస్తుంది. షట్‌డౌన్ చేయడం అంటూ ఏమీ లేదు. మర్నాడు సాయంత్రం స్విచ్ వేస్తే నిమిషంలో తయారుగా ఉంటుంది. 2022 ఫిబ్రవరి నుంచి దాదాపు ఇదే వరస. మధ్యలో ఎన్నిసార్లు కరెంటు పోయిందో లెక్క లేదు. ఇన్నాళ్లలో ఒక్క మెమరీ కార్డు కూడా పాడవలేదు.

మా ఊరు దేవరకొండకూ డిండికీ మధ్యలో ఉంటుంది. నేను వారమంతా నల్లగొండలో లెక్కలు చెప్పి, శనివారం సాయంత్రం ఊరికి పోతాను. ఇంటి ముందు గదిని పిల్లలు చదువుకోవడానికి వదిలేశాం. ఊరి పిల్లలు, పక్క తండా పిల్లలు కలిపి ఇరవై మంది దాకా వస్తారు. ఫోన్ సిగ్నల్ కావాలంటే డాబా ఎక్కాలి. అందుకే గదిలో రాస్ప్‌బెర్రీ పై 3 బి అనే చిన్న కంప్యూటర్ పెట్టాను, దీన్ని క్లుప్తంగా 'పై' అంటాను. అరచేతిలో పట్టే బోర్డు, నాలుగు కోర్ల ఏఆర్ఎం (ఫోన్లలో ఉండే రకం) ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. దానికి మానిటర్ లేదు, కీబోర్డు లేదు. తన వైఫై తానే పుట్టిస్తుంది. పిల్లలు ఇంట్లో వాళ్ల ఫోన్ తెచ్చుకుని ఆ వైఫైకి కలిస్తే తెలుగు వికీపీడియా, చిన్న ఇంగ్లిష్ వికీపీడియా, నేను తయారుచేసిన లెక్కల పేజీలు తెరుచుకుంటాయి. ఇంటర్నెట్ అక్కర్లేదు. కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్ మొత్తం వికీపీడియాను జిమ్ అనే ఒకే ఫైలుగా మార్చి ఇస్తుంది, దాన్ని ఈ బోర్డు పంచుతుంది.

బోర్డు కొన్నది 2020 చివర్లో. మొదట అందరిలాగే, బోర్డు తయారుచేసినవాళ్లే ఇచ్చే రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ లైట్ అనే లైనక్స్ వేశాను. మంచి సిస్టమ్. నేర్చుకోవడానికి అంతకంటే సులువైనది లేదు, ఏ సందేహం వచ్చినా జవాబు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. కానీ 2021లో ఒక్క ఏడాదిలో మూడు కార్డులు పోయాయి. గాలివాన వచ్చినప్పుడల్లా లైను ట్రిప్పవుతుంది, వెంటనే వస్తుంది, మళ్లీ పోతుంది. ఆదివారం బాగుచేసి వెళ్తే బుధవారం పక్కింటి వదిన ఫోను: "సార్, కరెంటు వచ్చింది గానీ మీ డబ్బాల పచ్చ లైటు ఎలుగుతలేదు." శనివారం దాకా పిల్లలకు ఏమీ ఉండేది కాదు. వాళ్లు రెండు రోజులు వచ్చి చూసి, మూడో రోజు నుంచి రావడం మానేసేవారు. నాకు బాధ కలిగించింది అదే. కార్డు ఖర్చు పెద్ద విషయం కాదు.

కార్డు ఎందుకు పోతుందో అప్పుడు చదివి తెలుసుకున్నాను. మామూలు లైనక్స్ మనం ఏమీ చేయకపోయినా కార్డు మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. లాగ్‌లు (జరిగినదాని చిట్టాలు), తాత్కాలిక ఫైళ్లు, టైము గుర్తులు. పైగా కార్డు లోపల ఉండే చిన్న కంట్రోలర్ డేటాను పెద్ద పెద్ద బ్లాకులుగా చెరిపి మళ్లీ రాస్తుంది. ఆ క్షణంలో కరెంటు పోతే రాస్తున్న ఫైలే కాదు, దాని పక్కనున్న ఫైళ్లూ పోవచ్చు. మన తప్పు లేకుండానే సిస్టమ్ మొత్తం లేవకుండా పోయేది ఇందుకే.

ఆల్పైన్ కంటే ముందు రెండు మార్గాలు చూశాను. పై ఓఎస్‌లోనే ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ అని ఒక సదుపాయం ఉంది. ఆన్ చేస్తే కార్డు మీద ఏమీ రాయకుండా మార్పులన్నీ ర్యామ్‌లోనే ఉంచుకుంటుంది. బాగానే పనిచేసింది. కానీ చిన్న మార్పు కావాలన్నా దాన్ని ఆఫ్ చేసి రీస్టార్ట్, మార్పు చేసి మళ్లీ ఆన్ చేసి ఇంకో రీస్టార్ట్. మామూలు పై ఓఎస్ అలవాటైన వాళ్లకు ఇప్పటికీ నేను ముందు ఇదే చెబుతాను. రెండోది పైకోర్, అంటే టైనీ కోర్ అనే మరో చిన్న లైనక్స్‌కు పై బోర్డు రూపం. అది పూర్తిగా ర్యామ్‌లోనే నడుస్తుంది, ఆశ్చర్యపోయేంత చిన్నది. కాకపోతే నాకు కావాల్సిన ప్యాకేజీలు, అంటే వేసుకునే ప్రోగ్రాములు, అందులో తక్కువ.

ఆల్పైన్ ఈ రెండింటికీ మధ్యలో కుదిరింది. మామూలు లైనక్స్‌లలో ఉండే పెద్ద జీలిబ్‌సీ బదులు ఇందులో మజిల్ అనే చిన్న సీ లైబ్రరీ (ప్రోగ్రాములన్నీ ఆధారపడే కోడ్) ఉంటుంది. వందల చిన్న కమాండ్ల బదులు బిజీబాక్స్ అనే ఒకే ప్రోగ్రామ్ ఉంటుంది. వెనక నడిచే సర్వీసులను ఓపెన్‌ఆర్‌సీ అనే ప్రోగ్రామ్ నడుపుతుంది. పై బోర్డు కోసం ఇచ్చే ఫైలు వంద ఎంబీకి అటూఇటూ, ఎఫ్ఏటీ ఫార్మాట్ కార్డు మీద విప్పేస్తే చాలు. దీని డిస్క్‌లెస్ పద్ధతిలో కార్డు నుంచి సిస్టమ్ లేచి ర్యామ్‌లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత కార్డును చదవడానికి మాత్రమే వాడుతుంది. మన సెట్టింగులన్నీ ఒక చిన్న చుట్టిన ఫైలులో ఉంటాయి, ప్యాకేజీలు కార్డు మీద ఒక ఫోల్డర్లో దాచి ఉంటాయి. లేచిన ప్రతిసారీ వాటిని కొత్తగా ర్యామ్‌లో పేర్చుకుంటుంది. కాబట్టి తీగ పీకినా చెడేది ఏమీ ఉండదు. వైఫై, కివిక్స్ అన్నీ నడుస్తుండగా నా బోర్డులో ర్యామ్ వాడకం 200 ఎంబీ చుట్టూ ఉంటుంది. ప్యాకేజీలు పెరిగేకొద్దీ లేవడానికి పట్టే సమయమూ పెరుగుతుంది, అందుకే అవసరం లేనివి పెట్టను.

ఈ సౌకర్యానికి ఒక వెల ఉంది. కొత్తగా వేసుకునేవాళ్లు ముందే మనసులో పెట్టుకోవాల్సింది అదొక్కటే. ఏ మార్పు చేసినా చివర్లో దాన్ని కార్డు మీద దాచే ఎల్‌బీయూ కమిట్ అనే కమాండ్ కొట్టాలి. కొట్టకపోతే అది ర్యామ్‌లోనే ఉండి కరెంటుతో పాటే పోతుంది. ఇంకో సంగతి, ఆ కమాండ్ మొదట్లో సెట్టింగులుండే ఈటీసీ ఫోల్డర్‌ను మాత్రమే దాస్తుంది. హోమ్ ఫోల్డర్ కావాలన్నా, మనం పెట్టుకున్న ప్రోగ్రాములు కావాలన్నా ఎల్‌బీయూ ఇంక్లూడ్‌తో విడిగా చెప్పాలి. ఇది నాకు 2022 జూలైలో తెలిసింది. పిల్లలు రోజూ చేసే ఎక్కాల పరీక్షల మార్కులు హోమ్ ఫోల్డర్‌లో పడేలా ఒక చిన్న పేజీ రాశాను. పగలూ రాత్రీ ఆపకండి అని అమ్మకు చెప్పి, ఇన్వర్టర్ మీద పెట్టాను కాబట్టి మూడు వారాలు ఆగకుండా నడిచింది. ఆ పైన ఒక రాత్రి ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయింది. మర్నాడు పేజీ తెరిస్తే ఖాళీ. తండా నుంచి వచ్చే ఒక పిల్ల పదమూడో ఎక్కంలో మొదటిసారి పదికి పది తెచ్చుకుంది, దాన్ని వాళ్ల నాయనకు చూపించాలని ఫోన్ పట్టుకొచ్చింది. ఆ రోజు ఆ పిల్ల ముఖం నాకింకా గుర్తుంది. మళ్లీ పరీక్ష పెట్టి, ఈసారి కాగితం మీద రాసి ఇచ్చాను.

అప్పటి నుంచి మార్కులు ఒక చిన్న పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తాయి. పిల్లలు వెళ్లే వేళకు, ఎనిమిదింటికి, ఒక్కసారి దాన్ని మౌంట్ చేసి (సిస్టమ్‌కు కలిపి) రాసి మళ్లీ విడదీసే స్క్రిప్ట్ ఉంది. సెట్టింగుల ఫైలు పాత ప్రతులు మూడు నిలిచేలా ఎల్‌బీయూ కాన్ఫిగ్‌లో రాసుకున్నాను, కమిట్ చేస్తుండగా కరెంటు పోయినా ముందుది ఉంటుంది. ఊరి నుంచి బయలుదేరే ముందు ఎల్‌బీయూ స్టేటస్ కొట్టి చూస్తాను. దాచకుండా మిగిలిన ఫైళ్ల పేర్లన్నీ చూపిస్తుంది. జిమ్ ఫైళ్లు మాత్రం కార్డులోనే ఇంకో భాగంలో, ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో, రాయడానికి వీల్లేకుండా మౌంట్ అయి ఉంటాయి. ఎఫ్ఏటీ32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు కాబట్టి ఈ భాగం ఎలాగూ కావాలి.

తర్వాతి ఇబ్బంది గడియారం. పై 3లో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ లేని చోట అది ఏ తేదీలో లేస్తుందో చెప్పలేం. మార్కుల పక్కన తప్పు తేదీలు పడటం ఒక ఎత్తు. ఎప్పుడో నా ఫోన్ ద్వారా నెట్ ఇచ్చి ప్యాకేజీలు అప్‌డేట్ చేద్దామంటే, తేదీ వెనక ఉందని సెక్యూరిటీ సర్టిఫికెట్లు ఒప్పుకోకపోవడం ఇంకో ఎత్తు. హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో డీఎస్3231 గడియారం మాడ్యూల్ తెచ్చి పిన్నులకు తగిలించాను. కార్డులోని యూజర్‌సీఎఫ్‌జీ ఫైలులో ఒక లైను రాసి, ఓపెన్‌ఆర్‌సీలో ఉత్తుత్తి గడియారం సర్వీసు తీసేసి అసలు గడియారం సర్వీసు పెట్టాలి. గంట పని. నెట్ లేని ఊరికి ఈ బోర్డు పెట్టాలనుకునేవారు మొదటి రోజే ఇది కొనండి.

ఆల్పైన్‌లో సహనం పరీక్షించేది మజిల్. జీలిబ్‌సీ కోసం తయారైన ప్రోగ్రామ్‌ను తెచ్చి నడిపితే, ఫైలు కళ్లముందే ఉన్నా "దొరకలేదు" అంటుంది. నిజానికి దొరకనిది ఆ ప్రోగ్రామ్ మొదలవడానికి వెతుక్కునే లోడర్ అనే జీలిబ్‌సీ ముక్క. ఆ మాట అది చెప్పదు. మొదటిసారి నేను రెండు గంటలు ఫైలు పేరు అక్షరం అక్షరం సరిచూశాను. స్క్రిప్టులను నడిపే బ్యాష్ ఇందులో మొదట్లో ఉండదు, కాబట్టి బయట దొరికే స్క్రిప్టులు కూడా ఇదే మాట అంటాయి. ఫైళ్లలో మాటలు వెతికే గ్రెప్ కమాండ్ బిజీబాక్స్ రూపంలో, పెద్ద గ్రెప్‌కు ఉన్న కొన్ని సదుపాయాలు లేవు. ఇవన్నీ ప్యాకేజీలు వేసుకుంటే తీరేవే. తీరనిది ప్రింటర్. పిల్లలకు లెక్కల కాగితాలు తీద్దామని కొన్న చిన్న లేజర్ ప్రింటర్‌కు కంపెనీ ఇచ్చిన లైనక్స్ డ్రైవర్ మామూలు పీసీ ప్రాసెసర్లకే. ఏఆర్ఎంలో ఏ లైనక్స్ వేసినా అది నడవదు. ఇప్పటికీ ప్రింట్లు నల్లగొండలోనే తీసుకుని వెళ్తున్నాను.

కరెంటు గురించి ఇంకో మాట చెప్పాలి. కార్డులు పోవడానికి సగం కారణం నేను వాడిన ఫోన్ చార్జరేనని ఇప్పుడు అనుకుంటున్నాను. పై 3 బి మీద ఎర్ర లైటు పవర్ ఉందని చెప్పడానికే కాదు, వోల్టేజీ 4.63 కంటే తగ్గితే అది ఆరిపోతుంది. బోర్ల మోటార్లన్నీ ఒక్కసారి లేచే వేళకు మా గదిలో బల్బు మసకబారేది, ఈ ఎర్ర లైటు మిణుకుమనేది. కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెలాంటి భాగం) లాగ్‌లో కూడా అండర్‌వోల్టేజ్ అని వరుసగా కనిపించింది. 5.1 వోల్టులు, 2.5 ఆంపియర్లు ఇచ్చే పై అడాప్టరే కొని, సన్నని కేబుల్ మార్చాక అది ఆగింది. సాఫ్ట్‌వేర్ మార్చే ముందు అందరూ దీన్ని చూడాలి.

ఇక ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, మా వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు మామూలే. మొదటి ఏడు బోర్డును రేకుల వసారాలో పెట్టాను. ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటాక వేగం తానే తగ్గించుకుంటుంది, పేజీలు తెరుచుకోవడానికి ఆలస్యమయ్యేది. డబ్బా మూత తీసేసి, అల్యూమినియం హీట్ సింక్ అంటించి, మట్టి గోడ ఉన్న ముందు గదిలోకి మార్చాను. ఇప్పుడు ఎండాకాలంలో కూడా 70 దాటడం అరుదు. బోర్డులోని వైఫై ఎనిమిది, పది ఫోన్ల దాకా బాగుంటుంది. ఆ పైన తడబడుతుంది. పాత రౌటర్ ఒకటి కేబుల్‌తో కలిపి వైఫై పని దానికి అప్పగించాక ఇరవై మందికీ అందుతోంది.

తెలుగు విషయంలో సిస్టమ్ ఏ పేచీ పెట్టలేదు. అక్షరాలు చూపించేది పిల్లల ఫోనే కాబట్టి బోర్డు మీద ఫాంట్ కూడా అవసరం లేదు. కష్టమంతా వెతకడంలో. పిల్లలు "మన నీళ్లల్ల ఫ్లోరైడ్ ఎట్ల వస్తది" అని మాట్లాడినట్టే టైపు చేస్తారు, ఏమీ రాదు. తెలుగులో మాట విభక్తితో కలిసిపోతుంది. నల్గొండ అని వెతికితే దొరికేది నల్గొండలో అంటే దొరకదు. కొందరు నల్లగొండ అని రాస్తారు. అందుకే ముందు పేజీలో నేనే మన జిల్లా, ఫ్లోరైడ్, నాగార్జునసాగర్, పానగల్లు గుడులు, బత్తాయి అని లింకులు పెట్టాను. పిల్లలు ఎక్కువగా వీటి మీదుగానే లోపలికి పోతారు. ఒకటి చదివి అందులోని నీలిరంగు మాట నొక్కి ఇంకోటి, అలా గంటసేపు పోతూనే ఉంటారు.

కొత్త వెర్షన్లు ఏడాదికి రెండు వస్తాయి, ఒక్కోదానికి దాదాపు రెండేళ్లు మద్దతు ఉంటుంది. నేను 3.15తో మొదలుపెట్టి 3.18కి, అక్కడి నుంచి 3.21కి మారాను. నడుస్తున్న కార్డును ముట్టుకోను. రెండో కార్డు మీద కొత్త వెర్షన్ విప్పి, పాత సెట్టింగుల ఫైలు కాపీ చేసి, ప్యాకేజీల చిరునామాలో వెర్షన్ అంకె మార్చి, నెట్ ఉన్న నల్లగొండ గదిలో ఇంకో పై మీద ఒకసారి లేపి చూస్తాను. 3.19లో పై బోర్డుల కెర్నెల్ ప్యాకేజీ పేరు మారింది. 3.21కి వెళ్లినప్పుడు దాని వల్ల ఒక ఆదివారం పోయింది గానీ ఊళ్లో పిల్లలకు ఆ సంగతే తెలియదు, పాత కార్డు నడుస్తూనే ఉంది.

ఇంకో కంపెనీ బోర్డు తక్కువకు వస్తోంది, దాని మీద వేయొచ్చా అని స్నేహితులు అడుగుతుంటారు. పీసీల్లో ఉన్నట్టు ఏఆర్ఎం చిన్న బోర్డుల్లో అందరికీ ఒకే బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) ఉండదు. ఏ పిన్నుకు ఏం తగిలి ఉందో కెర్నెల్‌కు చెప్పే డివైస్ ట్రీ, లేపే బూట్‌లోడర్ ఒక్కో బోర్డుకు ఒక్కోటి కావాలి. అలాంటి బోర్డు ఇప్పటికే ఇంట్లో ఉంటే ముందు ఇలాంటి బోర్డుల కోసం తయారుచేసే ఆర్మ్‌బియన్ అనే లైనక్స్ జాబితాలో దాని పేరుందేమో చూడండి. కొత్తగా కొంటున్నారంటే పై తీసుకోండి, పాతదైనా సరే.

ఇప్పుడు వాడని కార్డు బియ్యం డబ్బా పైన అరలో, అగ్గిపెట్టెలో ఉంది. అగ్గిపెట్టె మీద "రెండోది" అని రాసి పెట్టాను. ఎర్ర లైటు వెలిగి పిల్లలకు పేజీ రాకపోతే పాతది తీసి ఇది గుచ్చమని అమ్మకు రెండుసార్లు చేయించి చూపించాను. ఆమెకు ఇంతవరకు ఆ అవసరం రాలేదు.