అన్నీ చూసి కొన్నాను, తెర ఒక్కటి తప్ప

విండోస్ బదులు వాడే లినక్స్ నేర్చుకోవాలి, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో యానిమేషన్ చెయ్యాలి. రెండింటికీ సరిపోయే ల్యాప్‌టాప్ కావాలని 2023 వేసవి సెలవుల్లో దీన్ని కొన్నాను. గ్రాఫిక్స్ కార్డు చాలుతుందా, ర్యామ్ పెంచుకోవచ్చా, లినక్స్‌లో వైఫై వస్తుందా అని నెల రోజులు కనిపించినవాళ్లందరినీ అడిగాను. తెర ఎలాంటిదని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. రెండున్నరేళ్లు వాడాక నా కోపమంతా ఆ తెర మీదే.

కోపం ఎందుకో చెప్పాలంటే బతుకమ్మ సంగతి చెప్పాలి. నేను హనుమకొండలో డ్రాయింగ్ టీచర్‌ని. 2024 బతుకమ్మకు మా కాలనీవాళ్లు గ్రౌండులో పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టిస్తున్నాం, ఆట మొదలయ్యే ముందు వేయడానికి చిన్న బొమ్మల వీడియో చేసివ్వమని అడిగారు. నలభై సెకన్లకు ఒప్పుకున్నాను. ఖాళీ తాంబాళంలో గుమ్మడాకు పరుచుకోవడం, దాని మీద తంగేడు, గునుగు, బంతి వరుసలు ఒక్కొక్కటే చుట్టుకుంటూ లేవడం, చివర్లో శిఖరాన పసుపు గౌరమ్మ. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన 960 ఫ్రేములు.

అన్నీ కుదిరాయి, తంగేడు పసుపు ఒక్కటి కుదరలేదు. బంతిపువ్వులో ఉండే నారింజ ఛాయ తంగేడులో ఉండదు. నిమ్మకాయ రంగులా చలువగానూ ఉండదు. నిండు పసుపు. నా తెర మీద అది ఎంత చేసినా ఎండకు వెలిసిన గుడ్డలాగే కనిపించింది. ముందు బ్లెండర్‌నే అనుమానించాను. 4.0 వెర్షన్ నుంచి అందులో ఏజీఎక్స్ అనే పద్ధతిలో రంగులు చూపిస్తారు. వెలుతురు ఎక్కువ పడ్డచోట గాఢమైన రంగులు మెల్లగా తెలుపులోకి జారతాయి. నిజమైన ఫోటోలా కనిపించాల్సిన సీన్లకు అది చాలా బాగుంటుంది, నా బొమ్మల పువ్వులకు కాదు. కలర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి స్టాండర్డ్‌కు మార్చాను. కొంత ప్రాణం వచ్చింది కానీ చాలలేదు. ఇక శాచురేషన్ పెంచుతూ పోయాను. నా తెర మీద తంగేడు తంగేడులా కనిపించేసరికి అర్ధరాత్రి దాటింది.

సాయంత్రం గ్రౌండులో వీడియో మొదలైంది. మొదటి వరుస పడగానే నా గుండె జారిపోయింది. పువ్వులు కావవి, రోడ్డు పని చేసేవాళ్లు వేసుకునే జాకెట్ల రంగు. రేకుల మీద నేను గీసిన సన్నటి ఈనెలు ఒక్కటీ కనపడలేదు, అంతా ఒకే ముద్ద. పక్కింటి పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుని, “గిది తంగేడేనా బిడ్డా? కండ్లు జిగేల్మంటున్నయి” అంది. ఆమె నిష్ఠూరంగా ఏమీ అనలేదు, తెలియకే అడిగింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అలాంటి పెద్ద తెరలు రంగుల్ని కొంచెం ఎక్కువ చేసే చూపిస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇంటికొచ్చి ఫోన్లో చూసినా అదే కథ. అప్పుడు మొదటిసారి ల్యాప్‌టాప్ వివరాల కాగితం తీసి తెర గురించి చదివాను. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే మామూలు వెబ్ రంగుల పరిధి, ఎస్‌ఆర్‌జీబీ, అందులో దాదాపు మూడింట రెండు వంతులే ఈ తెర చూపించగలదు. లేని రంగు కోసం నేను అర్ధరాత్రి దాకా వెతికానన్నమాట.

ఫోటో స్టూడియో నడిపే స్నేహితురాలి దగ్గర రంగులు కొలిచే పరికరం తెచ్చి సరిచేసి చూశాను. లినక్స్‌లో అది ఇబ్బంది లేకుండా పనిచేసింది. తెలుపులో ఉన్న నీలం జీర పోయింది. తంగేడు మాత్రం రాలేదు. కొలత వల్ల ఉన్న రంగులు సర్దుకుంటాయి కానీ ప్యానెల్‌లో లేని రంగు ఎక్కడి నుంచి వస్తుంది?

చివరికి పదకొండు వేలు పెట్టి 99 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్న 24 అంగుళాల మానిటర్ కొన్నాను. కేబుల్ పెట్టగానే ‘నో సిగ్నల్’. సగం రోజు పోయాక కారణం దొరికింది. నా ల్యాప్‌టాప్‌లో చిన్నదీ పెద్దదీ రెండు గ్రాఫిక్స్ కార్డులున్నాయి. బ్యాటరీ ఆదా అవుతుందని నేను లినక్స్‌లో పెద్దదాన్ని పూర్తిగా ఆపేసి పెట్టుకున్నాను. మానిటర్ కేబుల్ పెట్టే హెచ్‌డీఎంఐ పోర్టు ఆ కార్డుకే కలిపి ఉంది. కార్డు నిద్రపోతే పోర్టు కూడా నిద్రే. అవసరమైనప్పుడు పెద్ద కార్డును వాడుకునే ఆన్ డిమాండ్ అనే పద్ధతికి మార్చి రీస్టార్ట్ చేస్తే మానిటర్ వెలిగింది. మీరూ ఇలాంటి రెండు కార్డుల ల్యాప్‌టాప్ వాడుతుంటే ముందు ఇది చూసుకోండి.

లినక్స్ విషయానికి వస్తే, నేను పెట్టుకున్నది అందులో మింట్ అనే రకం. మొదటి వారం గ్రాఫిక్స్ కార్డును నడిపే డ్రైవర్ ఎక్కించాక రీస్టార్ట్ చేస్తే నీలం తెర వచ్చి ఎమ్‌ఓకే అంటూ ఏదో అడిగింది. భయపడి ‘కంటిన్యూ’ కొట్టేశాను. దాంతో ఆ డ్రైవర్‌కు అనుమతి దొరకక బ్లెండర్‌కు గ్రాఫిక్స్ కార్డే కనిపించలేదు. అక్కడ ఎన్‌రోల్ ఎంచుకుని, డ్రైవర్ ఎక్కించేటప్పుడు మనం పెట్టిన పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ ఒక్క టెన్షన్ దాటాక పెద్దగా ఏడిపించలేదు. బ్లెండర్‌ను ఇన్‌స్టాల్ చేసే పని కూడా లేదు, ఫైల్ దించి విప్పుకుంటే చాలు.

నాకు ఎంతో సంతోషం కలిగించింది టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ. బ్లెండర్ కిటికీ తెరవకుండానే ఒక్క లైను ఆదేశంతో రెండర్, అంటే సీన్‌ను ఫ్రేము ఫ్రేముగా బొమ్మలుగా తీసే పని, పెట్టొచ్చు. ఫ్రేముకు నలభై సెకన్ల చొప్పున 960 ఫ్రేములకు పదిన్నర గంటలు పైనే పట్టింది. రాత్రి పదికి పెట్టి పడుకున్నాను. వీడియోగా కాకుండా విడివిడి పీఎన్‌జీ బొమ్మలుగా తీశాను. అందుకే మధ్యలో కరెంటు పోయి, బ్యాటరీ కూడా అయిపోయి మిషన్ ఆగిపోయినా, 412 దాకా వచ్చినవి భద్రంగా ఉన్నాయి. పొద్దున 413 నుంచి మళ్లీ మొదలుపెట్టాను.

తెలుగువాళ్లకు ఇంకో మాట. బ్లెండర్ 4.2లో టైటిల్‌కు ‘బతుకమ్మ’ అని రాస్తే చివరి ఒత్తు విడిపోయి ‘మ్’ ఒకచోట, ‘మ’ ఒకచోట పడింది. కాబట్టి బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్‌లో మండలి ఫాంటుతో రాసి, దాన్ని పాత్‌గా, అంటే అక్షరాన్ని గీతల బొమ్మగా మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా బ్లెండర్‌లోకి తెచ్చుకున్నాను. అక్షరం చెక్కుచెదరలేదు.

మొదటి ఏడాది ఈ మిషన్‌ను ఎవరడిగినా కళ్లు మూసుకుని కొనమన్నాను. ఇప్పుడు అలా అనలేను. వేగం విషయంలో నా మాట మారలేదు. నాలుగు జీబీ గ్రాఫిక్స్ మెమరీ నా చిన్న సీన్లకు సరిపోతోంది, పెద్ద టెక్స్చర్లు, అంటే వస్తువుల మీద అంటించే బొమ్మలు, పెడితే మాత్రం బ్లెండర్ మెమరీ చాలదని ఆపేస్తుంది. నేను ఇంట్లో ఒకేచోట కూర్చుని పనిచేస్తాను కాబట్టి మానిటర్‌తో గడిచిపోతోంది. ఊళ్లు తిరుగుతూ పని చేసేవాళ్లకు అది కుదరదు.

మా చెల్లెలి కొడుకు హాస్టల్లో ఉంటాడు, గదిలో మానిటర్ పెట్టుకునే చోటు లేదు. వాడు అడిగితే, గ్రాఫిక్స్ కార్డు ఒక మెట్టు తగ్గినా సరే, నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ అని రాసున్న తెర చూసి తీసుకోమన్నాను. తీసుకున్నాడు. ఇంకా మూడు నెలలే అయింది, అది ఎలా ఉందో వాడు ఇంకో ఏడాది వాడాక చెప్పాలి.