బిస్కెట్ జాయినరా, డోవెల్ జిగ్గా, పాకెట్ హోల్ జిగ్గా: తక్కువ ఖర్చులో ఏది మేలు?

చెక్క పలకలు కలపడానికి ఒక మిషన్ కొందామని వెతకడం మొదలుపెడితే కన్ను ముందు ఫెస్టూల్ డొమినో మీద పడుతుంది. గొప్ప మిషనే, కాదనను. కట్టర్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతూ, కుసి (రెండు ముక్కల్ని కలిపే చెక్క బిళ్ళ) దూర్చే బెజ్జాన్ని క్షణాల్లో చేసేస్తుంది. కానీ ఆ ఒక్కదాని డబ్బుతో మిగతా పనిముట్లు చాలావరకు వచ్చేస్తాయి కాబట్టి దాన్ని పక్కన పెట్టేద్దాం.

ఇక బిస్కెట్ జాయినర్. చూడటానికి యాంగిల్ గ్రైండర్‌కి ముందు ఒక ఫెన్స్ (పలక మీద ఆనించి పట్టుకునే పట్టీ) తగిలించినట్టు ఉంటుంది, నొక్కితే బ్లేడు బయటికొచ్చి పలక అంచులో దాదాపు 4 మి.మీ. మందం గాడి కోస్తుంది. అందులో పెట్టే బిస్కెట్ అంటే గట్టిగా నొక్కి తయారుచేసిన చెక్క ముక్క, జిగురులోని నీళ్ళు పీల్చుకుని ఉబ్బి గాడిలో బిగుసుకుంటుంది. అందుకే దీనికి నీళ్ళతో చేసిన మామూలు తెల్ల జిగురే వాడాలి. మామూలుగా వాడే సైజులు 0, 10, 20 అని మూడు, ఎక్కువగా వాడే 20 నంబరుది సుమారు 56 మి.మీ. పొడవు, 23 మి.మీ. వెడల్పు. గాడి బిస్కెట్ కన్నా కాస్త పొడవుగా పడుతుంది కనుక అతికించేటప్పుడు పలకను ఒకటి రెండు మి.మీ. అటూ ఇటూ జరుపుకోవచ్చు, నాకు ఈ మిషన్ నచ్చేది ఇందుకే. గుర్తు పెట్టడంలో చెయ్యి కాస్త తప్పినా క్షమిస్తుంది.

డోవెల్ అలా క్షమించదు. గుండ్రటి రంధ్రం, గుండ్రటి పుల్ల, అర మి.మీ. తేడా వచ్చినా రెండో పలక మీదకి దిగనని మొండికేస్తుంది. అయితే బలం సంగతికొస్తే పందెం డోవెల్‌దే.

బిస్కెట్ పెడితే అతుకు బలంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. టేబుల్ పైభాగానికి పలకల్ని పొడవు అంచుల వెంట కలిపితే ఆ అతుకు జిగురుతోనే చెక్కంత గట్టిగా ఉంటుంది, అక్కడ బిస్కెట్ చేసేది పలకలు ఎగుడుదిగుడు కాకుండా ఒక మట్టంలో నిలపడమే. కుర్చీ కాలికి అడ్డపట్టీ కలిపేచోట మాత్రం పట్టీ చివర జిగురు సరిగ్గా పట్టదు, బరువేమో అంతా అక్కడే పడుతుంది. అలాంటిచోట రెండు వైపులా 20 మి.మీ. లోతు దిగే 8 మి.మీ. డోవెల్స్ రెండు పెడితే నాకు నిద్ర పడుతుంది, పైగా ఇంట్లో డ్రిల్ ఉంటే కొనాల్సింది జిగ్ (డ్రిల్ బిట్ సరైన చోట తిన్నగా దిగేలా దారి చూపే పనిముట్టు) ఒక్కటే.

పాకెట్ హోల్ జిగ్‌కీ డ్రిల్ చాలు. వాలుగా రంధ్రం వేసి స్క్రూ బిగిస్తారు, జిగురు ఆరేదాకా కాచుకుని కూర్చోనక్కర్లేదు, తొందరున్నవాళ్ళకి ఇదే హాయి. మెత్తటి చెక్కకీ ప్లైవుడ్‌కీ వెడల్పు మర స్క్రూ, గట్టి చెక్కకి సన్న మర స్క్రూ వాడాలి. బిగించేటప్పుడు ముక్క జరిగిపోతుంది కాబట్టి క్లాంప్ తప్పనిసరి. రంధ్రాలు కనబడతాయి, వెనకవైపు దాచుకోగలిగితేనే బాగుంటుంది.

నా మాటైతే ఇది: కుర్చీలు, ఫ్రేములు చేసేవాళ్ళు ముందు డోవెల్ జిగ్ కొనుక్కోండి. ప్లైవుడ్ అల్మరాలు, పెట్టెలు, వెడల్పు పలకలు వరసపెట్టి చేసేవాళ్ళకి బిస్కెట్ జాయినర్ మేలు. రౌటర్ (చెక్కలో గాళ్ళు తీసే మిషన్) ఉన్నవాళ్ళు 4 మి.మీ. స్లాట్ కట్టర్ ఒకటి కొనుక్కుంటే అంచుల పని దాంతోనే జరిగిపోతుంది, పలక మధ్యలో గాడి మాత్రం దానివల్ల కాదు.

బిస్కెట్‌తో ఒక్క జాగ్రత్త. నేను చేసిన మొదటి టేబుల్‌ని అతికించిన సాయంత్రమే ఇసుక కాగితంతో రుద్ది నున్నగా చేశాను, కొన్నాళ్ళకి సరిగ్గా బిస్కెట్లు ఉన్నచోటల్లా చిన్న చిన్న గుంటలు తేలాయి. తడికి ఉబ్బి ఉన్నప్పుడే రుద్దేశాను మరి, ఆరాక అక్కడ చెక్క దిగిపోయింది. రెండు మూడు రోజులు ఆగితే పోయేది.

చవక జాయినర్లలో మోటర్ కన్నా ఫెన్స్‌తోనే గొడవ. కొన్న రోజే ఒక పనికిరాని ముక్కలో గాడి కోసి, పైతలం నుంచి గాడి వరకు రెండు చివరలా వెర్నియర్‌తో కొలవండి. తేడా ఉంటే బ్లేడుకీ ఫెన్స్‌కీ పొత్తు కుదరలేదని అర్థం, అతికించిన పలకలు మెలి తిరుగుతాయి. తేడా కొద్దిగానే ఉంటే ఫెన్స్ కింద ఒక పక్క టేపు అంటించి సరిచేసుకోవచ్చు. అప్పటికీ కుదరకపోతే ఆలోచించకుండా వెనక్కి ఇచ్చేయండి.