మ్యాప్ సెన్సర్ లోపం పట్టిచ్చిన ఓబీడీ అడాప్టర్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

కారులో లోపాలు చూసుకోవడానికి ఇచ్చే ఓబీడీ పోర్టుకు తగిలిస్తే ఇంజన్ కంప్యూటర్ రీడింగులను ఫోన్‌లో చూపే, వెయ్యి రూపాయల లోపు దొరికే ఈఎల్ఎం 327 బ్లూటూత్ అడాప్టర్ కొనొచ్చా అని అడిగేవాళ్లకు కొనమనే చెబుతాను. కాకపోతే ఉత్త ఎర్రర్ కోడ్లు చదువుకోవడానికే అయితే కొనకండి. మా పెట్రోల్ కారులో దీన్ని ఏళ్లుగా వాడుతున్నాను. కోడ్ల వల్ల ఒరిగింది తక్కువే. ఇంజన్ తిరుగుతుండగా ఫోన్‌లో కదిలే అంకెలతోనే అసలు పని జరిగింది. సర్వీస్ సెంటర్‌లో తేలని మ్యాప్ సెన్సర్ లోపం మా ఇంటి ముందు తేలింది ఆ అంకెల వల్లే.

ముందు ఆ సెన్సర్ చేసే పని చెప్పాలి. మా కారులో లోపలికి వెళ్లే గాలిని నేరుగా కొలిచే మాఫ్ సెన్సర్ లేదు. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో పీడనం ఎంతుందో మ్యాప్ సెన్సర్ చెబుతుంది. దానికి గాలి వేడి, ఆర్పీఎం కలిపి సిలిండర్‌లోకి ఎంత గాలి వెళ్తోందో ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) లెక్కగడుతుంది, ఆ లెక్క ప్రకారమే ఇంజెక్టర్లతో పెట్రోల్ కొట్టిస్తుంది. సెన్సర్ ఉన్నదానికంటే ఎక్కువ చెబితే పెట్రోల్ ఎక్కువ పడుతుంది, తక్కువ చెబితే బండి జర్కులు కొడుతుంది, పికప్ పోతుంది.

మా బండిలో పెట్రోల్ ఎక్కువైంది. సిటీలో మైలేజ్ పడిపోయింది, ట్రాఫిక్‌లో ఏసీ వేసి ఆగితే ఐడ్లింగ్ వణికేది, సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన. ఉదయం ఆఫీసుకు బయల్దేరినప్పుడు మాత్రం బండి చక్కగా ఉండేది. చెక్ ఇంజన్ లైటు ఒకసారి వెలిగి దానంతటదే పోయింది. సర్వీస్ సెంటర్‌లో ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేశారు. అయినా తగ్గకపోతే ఆక్సిజన్ సెన్సర్ (ఇంజన్ వదిలే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చూసేది) మార్చాలన్నారు. స్కానర్‌లో వచ్చిన కోడ్ పీ0172, అంటే మిశ్రమంలో పెట్రోల్ ఎక్కువ. ఆ కోడ్ చూసి ఆక్సిజన్ సెన్సర్‌ను అనుమానించడం చాలాచోట్ల చూశాను. కానీ పెట్రోల్ ఎక్కువవుతోందని చెబుతున్నదే ఆ సెన్సర్. ఎందుకు ఎక్కువవుతోందో కోడ్‌లో ఉండదు.

మ్యాప్ సెన్సర్‌కు వేరే కోడ్లున్నాయి కదా అని మీరు అడగొచ్చు. ఉన్నాయి. సిగ్నల్ వోల్టేజ్ బాగా పడిపోతే పీ0107, బాగా పెరిగిపోతే పీ0108. ఈ రెండూ వైరు తెగినప్పుడో, షార్ట్ అయినప్పుడో, సెన్సర్ పూర్తిగా పోయినప్పుడో వస్తాయి. సెన్సర్ బతికే ఉండి తప్పు చెబుతుంటే వోల్టేజ్ హద్దుల్లోనే ఉంటుంది కాబట్టి ఇవి రావు. రీడింగ్ పొంతన కుదరనప్పుడు రావాల్సిన పీ0106 కూడా మా బండిలో రాలేదు.

అందుకే నేను కోడ్ల పేజీ మూసేసి లైవ్ డేటా, అంటే సెన్సర్ల అంకెలు అప్పటికప్పుడు కదిలే పేజీ తెరుస్తాను. అన్నిటికంటే తేలికైన పరీక్ష, అన్నిటికంటే ఎక్కువ చెప్పే పరీక్ష ఒకటుంది: తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేయండి, ఇంజన్ స్టార్ట్ చేయకండి. ఇంజన్ తిరగనప్పుడు మ్యానిఫోల్డ్‌లో ఉండేది బయటి గాలే. కాబట్టి సెన్సర్ ఆ ఊరి వాతావరణ పీడనాన్నే చూపించాలి.

ఇక్కడే మనవాళ్లు చాలామంది పొరపడతారు. వీడియోల్లో 100, 101 కిలోపాస్కల్ రావాలని చెబుతారు. విశాఖలోనో, విజయవాడలోనో అది నిజం. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ 95 దగ్గర రావాలి. వరంగల్‌లో 98 ప్రాంతం, అరకులోనో బెంగళూరులోనో 91 ప్రాంతం. వాతావరణాన్ని బట్టి ఒకటి అటూ ఇటూ అవుతుంది. హైదరాబాద్‌లో 95 చూపించే సెన్సర్‌ను తక్కువ చూపిస్తోందని మార్చేస్తే డబ్బు దండగ. వెదర్ యాప్‌తో పోల్చడమూ సరికాదు, అది చూపే 1008 లాంటి అంకె సముద్రమట్టానికి సవరించినది. ఫోన్‌లో బారోమీటర్ ఉంటే దాని రీడింగ్ తీసుకోండి. 950 హెక్టోపాస్కల్ అంటే 95 కిలోపాస్కల్.

మా బండి పొద్దున చల్లగా ఉన్నప్పుడు 95 చూపించింది. ఏ తప్పూ లేదు. అదే పరీక్ష ఆఫీసు నుంచి ట్రాఫిక్‌లో ఇంటికొచ్చి, ఇంజన్ ఆపి, పది నిమిషాలాగి చేస్తే 103. హైదరాబాద్‌లో బయటి గాలికి 103 పీడనం ఉండే అవకాశమే లేదు. ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది కాబట్టి మ్యానిఫోల్డ్‌లో పీడనం బాగా తక్కువుంటుంది. అక్కడ కూడా పొద్దున 34 ఉన్నది వేడెక్కాక 42 అయింది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ మైనస్ 16 దాకా దిగింది, అంటే లెక్క ప్రకారం కొట్టాల్సిన పెట్రోల్‌ను ఈసీయూ అంత శాతం కోసేస్తోంది. ఆక్సిజన్ సెన్సర్ తన పని తాను సరిగ్గా చేస్తోందని నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

తర్వాతి పరీక్ష నాకు చాలా ఇష్టమైనది. ఇగ్నిషన్ ఆపి, సెన్సర్‌ను పట్టి ఉంచే ఒక్క బోల్టు విప్పి, కనెక్టర్ తీయకుండానే మ్యానిఫోల్డ్ నుంచి సెన్సర్‌ను బయటికి లాగాను. వేలెడంత నల్ల ప్లాస్టిక్ ముక్క, కింద ముక్కులాంటి గొట్టం, దానికో ఓ-రింగ్. ముక్కు లోపల జిడ్డుగా నూనె పొర. మళ్లీ ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫోన్‌ను బ్యాటరీ పక్కన నిలబెట్టి, హెయిర్ డ్రయర్‌తో సెన్సర్ వీపు మీద వేడిగాలి కొట్టాను. 95, 96, 98... మెల్లగా ఎక్కుతూ 103 దగ్గర ఆగింది. సెన్సర్ నా చేతిలోనే ఉంది, చుట్టూ ఉన్నది మామూలు గాలి. డ్రయర్ ఆపాక అంకె మళ్లీ కిందికి దిగింది. ఇంక ఇంజన్‌ను అనుమానించాల్సిన పనిలేదు.

మల్టీమీటర్‌తోనూ చూశాను. ఈసీయూ ఇచ్చే 5 వోల్టులు చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా కదల్లేదు, ఎర్త్ సరిగ్గా ఉంది, సిగ్నల్ వైరులో మాత్రమే వోల్టేజ్ పెరుగుతోంది. అడాప్టర్‌తో ఈ తేడా తెలియదు. ఈసీయూ తనకు వచ్చిన వోల్టేజ్‌ను ఏ అంకెగా అర్థం చేసుకుందో అదే ఫోన్‌కు చేరుతుంది. కనెక్టర్ పిన్ను తుప్పు పట్టినా, వైరు ఒరుసుకుపోయినా తెర మీద సెన్సర్ చెడిపోయినట్టే కనిపిస్తుంది. అందుకే మల్టీమీటర్ పెట్టకుండా సెన్సర్ మార్చొద్దని గట్టిగా చెబుతాను. ముక్కులోని జిడ్డును ఎలక్ట్రానిక్ క్లీనర్ స్ప్రేతో కడిగి ఆరబెట్టినా వేడికి అదే తేడా వచ్చింది. (లోపల పుల్లలు, పిన్నులు పెట్టి గీకొద్దు, పీడనం తెలుసుకునే సిలికాన్ పొర చాలా సున్నితం.) కొత్త సెన్సర్ వేశాక చల్లగా ఉన్నా, వేడిగా ఉన్నా 95. ట్రిమ్ కొద్దిరోజుల్లో సున్నా దగ్గరికి వచ్చేసింది, వణుకు పోయింది.

ఇదే పరీక్ష సెన్సర్‌ను నిర్దోషిగానూ తేలుస్తుంది. తెలిసినవాళ్ల బండిలో ఇంజన్ ఆపి చూస్తే 95, ఐడ్లింగ్‌లో 48. ఆపినప్పుడు నిజం చెప్పే సెన్సర్ నడిచేటప్పుడు అబద్ధం చెబుతోందని అనుకునే ముందు గాలి ఎక్కడైనా లీకవుతోందేమో చూడాలి. వాళ్లకు బ్రేక్ బూస్టర్‌కు వెళ్లే వాక్యూమ్ పైపు చీలింది. ఏసీ వేస్తే నాలుగైదు పెరగడం మాత్రం మామూలే. డీజిల్ బండ్లకు ఈ ఐడ్లింగ్ లెక్కలు పనికిరావు, వాటిలో ఐడ్లింగ్‌లో కూడా దాదాపు బయటి పీడనమే ఉంటుంది, టర్బో ఊదితే ఇంకా పెరుగుతుంది.

అడాప్టర్‌లో ఇబ్బందులూ ఉన్నాయి. చవక రకాలు నెమ్మది. తెర మీద పది రీడింగులు పెడితే మ్యాప్ అంకె ఆగి ఆగి మారుతుంది, రెండు మూడే పెట్టుకుంటే నయం. క్షణంలో వచ్చి పోయే వైరు లోపాన్ని ఇది పట్టుకోలేదు. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు మామూలు యాప్‌లతో చాలా బండ్లలో రావు. కోడ్ క్లియర్ చేసే బటన్ చేతికందేలా ఉంటుంది, దాన్ని మొదట్లోనే నొక్కొద్దు. లోపం వచ్చినప్పటి ఆర్పీఎం, వేడి, లోడు వివరాలు దాచుకున్న ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా కోడ్‌తోపాటే పోతుంది.

పని అయ్యాక అడాప్టర్ తీసేయండి. ఓబీడీ పోర్టులో పదహారో పిన్నుకు తాళం తీసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది, వారాల తరబడి నిలిపే బండికి బ్యాటరీ దిగిపోతుంది. మన దేశంలో ఓబీడీ 2 తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి, అంతకు ముందు బండ్లకు పోర్టు ఉన్నా అన్ని రీడింగులూ వస్తాయన్న భరోసా లేదు, కాబట్టి కొనేముందు ఎవరి దగ్గరైనా తీసుకుని పెట్టి చూడండి. ఐఫోన్ వాడేవాళ్లకు మామూలు బ్లూటూత్ రకం పనిచేయదు, వైఫైదో బీఎల్ఈ (బ్లూటూత్ లో ఎనర్జీ) రకమో అడిగి తీసుకోండి.