నల్లగొండ పల్లెలకు మాట చేర్చే పనిలో వాట్సాప్: 2015 నుంచి రోజూ వాడాక

నేను నల్లగొండలో ఉంటూ కమ్యూనికేషన్స్ కన్సల్టెంట్‌గా పని చేస్తాను. ఒక ఆసుపత్రో, స్వచ్ఛంద సంస్థో, రైతు సంఘమో జనానికి ఏదైనా చెప్పాలనుకుంటే ఆ మాటను రాసి పత్రికలకూ, ఊళ్లకూ చేర్చడం నా పని. 2015 నుంచి దీనికి రోజూ వాడుతున్నది వాట్సాప్. ఇన్నేళ్లు వాడాక నాకు కలిగిన అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాను.

ముందు దీనివల్ల కలిగిన మేలు చెప్పాలి. అంతకుముందు ప్రెస్ నోట్ అంటే అనూ ఫాంట్లలో డీటీపీ చేయించి, క్లాక్ టవర్ దగ్గర జిరాక్స్ తీయించి, ఒక్కో పత్రిక ఆఫీసుకూ బండి మీద తిరిగి ఇవ్వడమే. మధ్యాహ్నం దాటితే జిల్లా పేజీలో చోటు దొరకడం కష్టం. దేవరకొండ, మిర్యాలగూడ విలేకరులకు అందాలంటే బస్సులో కవరు పంపేవాళ్లం. ఇప్పుడు ఏ ఫోన్‌లోనైనా కనబడే యూనికోడ్ తెలుగులో ఒక్కసారి టైప్ చేసి పెడితే నిమిషంలో అందరికీ చేరుతుంది. తొలి ఏళ్లలో నోట్‌ను ఫోటో తీసి పంపితే ఒక రిపోర్టర్ వెంటనే ఫోన్ చేసేవాడు: "అన్నా, ఫోటో పెడితే నేను మళ్ల కొట్టుకోవాలె. టైప్ చేసి పెట్టు. బొమ్మ మాత్రం డాక్యుమెంట్‌ల పెట్టు, లేకుంటే పగులుతది." ఆ రెండు మాటలూ నాకు ఇప్పటికీ పనికొస్తున్నాయి. ఫోటోను మామూలుగా పంపితే సైజు తగ్గిపోతుంది, అచ్చులో మొహాలు చెదిరిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది.

అయితే ఇంత సులువు కావడంలోనే ఒక నష్టం ఉంది. ఆఫీసుకు వెళ్లి నోట్ ఇచ్చే రోజుల్లో రిపోర్టర్ కూర్చోబెట్టి అడిగేవాడు. డబ్బులెవరిస్తున్నారు? పోయినసారి చేసింది ఏమైంది? ఇప్పుడు నా నోట్ నాలుగు పత్రికల్లో అక్షరం పొల్లుపోకుండా వస్తోంది. నాకు డబ్బులిచ్చే సంస్థ దానికి సంతోషిస్తుంది. నేను మాత్రం సంతోషించలేను. అడిగేవాడు లేకపోతే నా నోట్‌లోని తప్పు కూడా నాలుగు పత్రికల్లో వస్తుంది.

అలాంటి తప్పు ఒకటి 2019లో జరిగింది. మర్రిగూడ వైపు ఒక ఊరి బడిలో ఉచిత కంటి శిబిరం. గురువారం అని రాయాల్సింది మంగళవారం అని రాశాను. తేదీ లేదు, వారమే ఉంది. గ్రూపుల్లో పెట్టిన నలభై నిమిషాలకు చూసుకుని, గ్రూపుల్లో ఎవరికీ కనబడకుండా పోయేలా డిలీట్ చేసి, సరిచేసిన మెసేజ్ అవే గ్రూపుల్లో పెట్టాను. పని అయిపోయిందనుకున్నాను. మంగళవారం పొద్దున బడి అటెండర్ ఫోన్ చేశాడు: "సార్, ముసలోళ్లు వచ్చి కూసున్నరు. ఏం చెప్పమంటరు?"

బండి మీద వెళ్లాను. బడి వరండాలో పదకొండు మంది ఉన్నారు. ఆపరేషన్‌కు అటునుంచి అటే బస్సులో తీసుకుపోతారని ఎవరో చెప్పారట. ఒక అవ్వ సంచిలో రెండు చీరలు, ఆధార్ జిరాక్సు, మూత గట్టిగా బిగించిన స్టీలు డబ్బా పెట్టుకుని వచ్చింది. పట్నంలో పని చేసే మనవడు వాళ్ల యూత్ గ్రూపులో చూసి ఫోన్ చేసి చెప్పాడంట. నేను మెసేజ్ డిలీట్ చేసేటప్పటికే ఎవరో దాన్ని ఆ గ్రూపుకు ఫార్వర్డ్ చేశారు. నా దగ్గర డిలీట్ చేస్తే ఆ కాపీ పోదు. సరిచేసిన మెసేజ్ మాత్రం ఆ గ్రూపుకు ఎవరూ పంపలేదు. ఏం చెప్పాలో తోచక, ఫోన్ తీసి సరిచేసిన మెసేజ్ ఆ అవ్వకు చూపించాను. ఆమె ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసి తిరిగి ఇచ్చేసింది.

"నాకు అవుపడదు గద బిడ్డా. అందుకే గద వచ్చింది."

క్షమించమని అడిగి, ఆటో మాట్లాడి అందరినీ ఇళ్లకు పంపాను. గురువారం తొమ్మిది మంది మళ్లీ వచ్చారు. ఆ అవ్వ రాలేదు. తర్వాతి నెల శిబిరం వేరే ఊళ్లో జరిగితే ఇంటికి వెళ్లి చెప్పి, తీసుకెళ్లాను.

వాట్సాప్ గురించి నాకున్న ప్రధానమైన అసంతృప్తి ఇదే. తప్పు వెళ్లిన దారిలో దిద్దుబాటు వెళ్లదు. పత్రికలో తప్పు పడితే మర్నాడు సవరణ కూడా ఆ పత్రికలోనే వస్తుంది, ఆ ఇంటికే వెళ్తుంది. పైగా ఏ పత్రిక తీసినా అడుగున ప్రచురించినవారి పేరు, అచ్చువేసిన చోటు ఉంటాయి. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు ఈ నల్లగొండ నుంచే నీలగిరి పత్రిక నడిపారు. నాలుగేళ్ల తర్వాత మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి హైదరాబాదులో గోలకొండ పత్రిక పెట్టారు. నిజాం కాలంలో తెలుగులో పత్రిక పెట్టి, రాసిన మాటకు పేరు పెట్టుకుని నిలబడడం చిన్న సాహసం కాదు. ఫార్వర్డ్‌లో రాసినవాడి పేరు ఉండదు. ఎవరిని అడగాలో తెలియదు.

కంపెనీ మార్పులు చేయలేదని కాదు. 2018లో ఫార్వర్డ్ అయిన మెసేజ్‌కు గుర్తు పెట్టారు, మన దేశంలో ఒకసారి ఐదు చాట్లకు మించి పంపకుండా ఆపారు. 2020 ఏప్రిల్ నుంచి, చాలాసార్లు చేతులు మారి రెండు బాణాల గుర్తు పడ్డ మెసేజ్ ఒకసారి ఒక్క చాట్‌కే వెళ్తుంది. 2023లో ఎడిట్ వచ్చింది, పదిహేను నిమిషాల్లోపు తప్పు దిద్దుకోవచ్చు. ఇవన్నీ మంచివే. కానీ కాపీ చేసి కొత్తగా పేస్ట్ చేస్తే బాణాలు ఉండవు, పక్కింటాయనే స్వయంగా రాసినట్టు కనబడుతుంది. ఇక నా తప్పు నాకు కనబడడానికి నలభై నిమిషాలు పట్టింది.

ఒకే మెసేజ్‌ను గ్రూపు లేకుండా చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు గురించి కొత్తవాళ్లకు ఒక మాట. ఒక లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు గానీ, అవతలివాళ్లు మన నంబరు సేవ్ చేసుకుంటేనే మెసేజ్ చేరుతుంది. ఇది తెలియక చాలా నెలలు సర్పంచులందరికీ చేరుతోందనుకున్నాను. ఇప్పుడు ఎవరిని కలిసినా నా ఎదురుగానే నంబరు సేవ్ చేయిస్తాను. గ్రూపులో అయితే మెసేజ్‌ను నొక్కి పట్టుకుని ఇన్ఫో చూస్తే ఎవరు చదివారో పేర్లతో సహా తెలుస్తుంది. ఆ పేర్లు ఒకసారి నిదానంగా చదవండి. నేను పని చేసే ఊళ్లలో ఎక్కువగా కనబడేది యువకుల పేర్లే. కంటి శిబిరం ఎవరికోసమో వాళ్లు అందులో ఉండరు. నీలం టిక్కులన్నీ పడ్డాయని సంస్థకు రిపోర్టు రాయడం తేలికే. కొడుకు చూసింది తల్లికి చెప్పాడా లేదా అన్నది ఏ టిక్కూ చెప్పదు.

నాకు అన్నిటికన్నా నచ్చింది వాయిస్ మెసేజ్. చందంపేట, దేవరకొండ తండాల్లో పని చేసేటప్పుడు దీని విలువ తెలిసింది. లంబాడీ భాషకు సొంత లిపి లేదు, మా తెలుగు నోట్ పెద్దవాళ్లకు పట్టదు. తండాలోనే డిగ్రీ చదివే అమ్మాయితో చెప్పించాం. "యాడీ, బాపూ" (అమ్మా, నాన్నా) అని మొదలుపెట్టి నలభై సెకన్లలో అంతా చెప్పేసింది. వెనక కోళ్ల అరుపు వినబడుతోందని మళ్లీ రికార్డు చేద్దామన్నాను. "వద్దు సార్, మా ఇంటి కోళ్లే గదా, మావోళ్లకు తెలుస్తది" అంది. ఆమె చెప్పినట్టే జరిగింది. ఫోన్ మధ్యలో పెట్టుకుని నలుగురు కలిసి విన్నారు, గొంతు వినగానే ఎవరి బిడ్డో పోల్చుకున్నారు. సందేహం ఉన్నవాళ్లు నేరుగా ఆమె ఇంటికి వెళ్లి అడిగారు. అక్షరంలో లేని భరోసా ఆ గొంతులో ఉంది.

2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు లేచినప్పుడు గద్వాల జిల్లాలో జరిగింది కూడా ఇదే. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి ఖండిస్తూ ఒక ప్రకటన ఇచ్చి ఊరుకోలేదు. పోలీసులు ఊరూరా తిరిగారు, ఊరి గ్రూపుల్లో చేరారు, డప్పు కొట్టి పాటలు పాడి చెప్పారు. ఆ జిల్లాలో ఆ పుకార్లకు ఒక్క ప్రాణం కూడా బలి కాలేదు. వదంతి ఫోన్‌లో వచ్చింది, దానికి జవాబు మనిషి రూపంలో వచ్చింది. నా వృత్తిలో ఎవరికైనా పాఠం చెప్పాల్సి వస్తే నేను మొదట చెప్పేది ఈ ఉదాహరణే.

సాగర్ గేట్ల వీడియో సంగతి కూడా చెప్పాలి. వానాకాలం వస్తే 26 గేట్లూ ఎత్తారంటూ పాత వీడియో తిరగడం మొదలవుతుంది. పిల్లల్ని తీసుకుని వెళ్లినవాళ్లు మూసిన గేట్లు చూసి తిరిగొస్తారు. నన్ను అడిగినవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఆ రోజు నీటిమట్టం చూడండి. నిండుమట్టం 590 అడుగులు. నీళ్లు దానికి దగ్గరగా లేకపోతే అన్ని గేట్లూ ఎత్తే పనే రాదు.

వాట్సాప్ మానేస్తానా అంటే మానను, నా పని ఆగిపోతుంది. విలేకరులకు, సర్పంచులకు, పంచాయతీ కార్యదర్శులకు మాట చేర్చడానికి ఇంతకన్నా మంచిది నేను చూడలేదు. ఊరికి చేర్చడానికి మాత్రం ఇదొక్కటే నమ్ముకోను. సంస్థకు ఇచ్చే బడ్జెట్‌లో డప్పు చాటింపు ఖర్చు విడిగా రాస్తాను. అవసరమా అని అడిగితే ఆ వరండా గురించి చెబుతాను. శిబిరానికి ముందు రోజు సాయంత్రం ప్రతి ఊళ్లో ఒకరికి ఫోన్ చేసి, తేదీ వాళ్ల నోటితోనే చెప్పించుకుంటాను.

ప్రతి నోట్ కింద నా పేరు, నంబరు, రాసిన తేదీ పెడుతున్నాను. ఫార్వర్డ్ అయినా అవి దాని వెంటే వెళ్తాయి. మొన్నటి శిబిరానికి నాకు తెలియని నంబర్ల నుంచి ఆరు ఫోన్లు వచ్చాయి. అందులో నాలుగు, తేదీ అదేనా అని అడగడానికే.