దానికీ రోజూ ఓ కాఫీ: స్పార్క్‌స్టేషన్ 5తో ఆరేళ్లు

స్పార్క్‌స్టేషన్ 5 గురించి కొత్తగా చెప్పేదేముంది, సన్ కంపెనీ చేసిన 1994 నాటి కంప్యూటరు, చూడ్డానికి పిజ్జా డబ్బా, నెమ్మదిగానే ఉంటది. నేను చెప్పాలనుకుంటున్నది దాని ఓకే ప్రాంప్ట్ గురించే, అంటే ఓఎస్ ఎక్కకముందే ok అని చూపించి మన ఆదేశం కోసం ఎదురుచూస్తదే, అది. ఇది ఇంకా తుక్కులోకి పోలేదంటే ఆ రెండక్షరాల పుణ్యమే.

ఓ ఆఫీసు ఖాళీ చేస్తుంటే తుక్కు రేటుకి తెచ్చుకున్నా. కీబోర్డు లేదు, సీరియల్ కేబుల్ తగిలించి 9600 స్పీడులో చూస్తే ఐడీప్రామ్ (మెషిన్ గుర్తింపు వివరాలు) చెల్లదంది, ఈథర్నెట్ అడ్రసు (నెట్‌వర్క్‌లో దాని గుర్తు) మొత్తం ఎఫ్‌లే, లోపల డిస్కు పెట్టుకుని నెట్‌వర్క్ నుంచే బూట్ అవుతానని మొండికేసింది. ఆ వివరాలూ, సెట్టింగులూ, తేదీ దాచిపెట్టే ఎన్‌విరామ్ చిప్పు బ్యాటరీ పోయిందన్నమాట. మార్చేద్దామంటే బ్యాటరీ చిప్పు లోపలే ఉంది, ఎపాక్సీ పోసి మూసేశారు. గోడ గడియారానికున్న పాటి సౌకర్యం కూడా లేదు దీనికి!

కానీ ఆ ప్రాంప్ట్ వెనక ఫోర్త్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంది చూశారూ, అదీ మజా. ఎంకేపీ అనే ఆదేశంతో ఒక్కో బైటూ మనమే రాసెయ్యొచ్చు, మెషిన్ టైపు, 8:0:20తో మొదలయ్యే అడ్రసు, సీరియల్ నంబరు, చివర్లో ముందున్న 15 బైట్లనీ ఎక్సార్ అనే బిట్ల లెక్కతో కలిపిన చెక్‌సమ్ (రాసింది సరేనా అని చూసుకునే బైటు), ఆ లెక్క కూడా చిన్న లూపు రాసి దానిచేతే చేయించొచ్చు. లైన్లన్నీ ఒక ఫైల్లో పెట్టుకున్నా. ఒకేసారి పేస్ట్ చేస్తే మాత్రం నాది అక్షరాలు మింగేస్తది, లైనుకీ లైనుకీ మధ్య కాస్త గ్యాప్ ఇవ్వాలి.

ఇందుకు జనం ఎక్కువగా వాడే అడ్రసు చివర సీ0, ఎఫ్ఎఫ్, ఈఈ అని ఉంటది, కలిపి చదివితే కాఫీ. కరెంటు తీస్తే రాసింది పోతది కాబట్టి పొద్దున్నే నాకొకటి, దానికొకటి. బానే ఉండేది, మా బావమరిది ఇంకో పాత డబ్బా పట్టుకొచ్చేదాకా. దానికీ అదే రోగం, నా ఫైలే ఇచ్చా. రెండూ ఒకే స్విచ్‌కి పెట్టాం, ఇక చూడండి, ఒకటి మాట్లాడితే రెండోది మూగబోతది. "బావా, కేబుల్ పోయినట్టుంది" అన్నాడు, మార్చాం. స్విచ్ మార్చాం. మధ్యాహ్నం భోజనం కూడా మానేసి తంటాలు పడ్డాక ఎందుకో రెండు స్క్రీన్లూ పక్కపక్కన చూస్తే ఇద్దరిదీ అదే కాఫీ! "అయితే నాదానికి టీ పెట్టు బావా" అన్నాడు, కానీ ఈ అడ్రసులు రాసే హెక్స్‌లో అంకెలూ, ఏ నుంచి ఎఫ్ దాకానే, టీ అక్షరం ఉండదు కదా, చివర ఈఈని ఈఎఫ్ చేసి వదిలేశాం.

మొదట్లో అందరికీ చిప్పు కొనక్కర్లేదు, టైప్ చేసుకుంటే చాలనేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. కరెంటు ఉన్నంతసేపూ రాసింది నిలుస్తది, రీసెట్ కొట్టినా పోదు, అది నిజమే. కానీ ఎండాకాలం కోతల్లో రోజుకి మూడు కాఫీలంటే విసుగే. తేదీ కూడా పోతది, ఆ చెడ్డ తేదీతో ఏదన్నా కంపైల్ చేస్తే ఫైళ్ల తేదీలు చూసి ఏది మళ్లీ కంపైల్ చేయాలో తేల్చే మేక్ ప్రోగ్రాంకి ఏది పాతో ఏది కొత్తో తెలియక తిక్క వేషాలేస్తది.

చివరికి ఆన్‌లైన్లో కొత్తదని చెప్పి అమ్మిన చిప్పు ఒకటి కొన్నా, పైన పాత నంబరు గీకి కొత్తది ముద్రేశారు, పెట్టి చూస్తే అదీ చచ్చిందే. ఒళ్లు మండి పాతదాన్నే ఆకురాయితో రాసి లోపలి తీగలు బయటికి తీసి, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న హోల్డర్‌లో సీఆర్2032 బటన్ సెల్లు పెట్టి టంకం వేశా. మూడు నెలలకే సెల్లు ఖాళీ. చచ్చిన బ్యాటరీ తీగ కత్తిరించడం మర్చిపోయా, కొత్తదాన్ని అదే పీల్చేసింది. కత్తిరించాక మూడేళ్లుగా ఇబ్బంది లేదు.

నేనంటే సరదాకి వాడుకుంటున్నా, నెట్‌బీఎస్‌డీ అనే ఓఎస్ వేసి పక్కన పెట్టుకున్నా, ఆగినా కొంపలేం మునగవు. దీంతో నిజంగా పనున్నవాళ్లయితే ఆ చిప్పు సాకెట్లోనే ఉంటది కాబట్టి మంచిది దొరికితే మార్చేసుకోండి, పైన గీకిన గుర్తులున్నాయేమో మాత్రం చూసుకోండి.