ఎత్తెక్కిన పాత పికప్‌ను దించిన అనంతపురం కమాన్ షెడ్డు

అనంతపురం నుంచి తాడిపత్రి వెళ్లే రోడ్డు పక్కన, కమాన్ పట్టీల (బండి బరువు మోసే, వంపు తిరిగిన ఉక్కు స్ప్రింగు పట్టీల) పని తప్ప మరే పనీ చేయని ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి పేరు బోర్డు లేదు. లారీ డ్రైవర్లను అడిగితే దారి చెబుతారు. నా 2011 మోడల్ బొలెరో పికప్‌ను అక్కడ రెండు రోజులు ఉంచి, వెనుక భాగాన్ని రెండున్నర అంగుళాలు కిందికి దింపించాను. ఆ తరువాత నెల రోజుల పాటు చీనీ (బత్తాయి) కాయలు, టమోటాలు వేసి నడిపి చూశాను కనుక, పని ఎలా ఉందో ఇప్పుడు నమ్మకంగా రాయగలను.

నాకు అమ్మిన యజమాని వేరుశనగ మూటలు ఎక్కువగా వేయడం కోసం వెనుక ఒక్కొక్క కట్టకు రెండేసి అదనపు పట్టీలు వేయించాడు. మన వైపు ఇది మామూలుగా జరిగే పనే. అయితే ఖాళీగా ఉన్నప్పుడు తొట్టి పైకి లేచి, బండి ముందుకు వంగినట్టు కనిపించేది. నార్పల రోడ్డులో చిన్న గుంత తగిలినా వెనుక చక్రాలు నేలను వదిలి పక్కకు జరిగేవి. పట్టీలు కర్రల్లా బిగుసుకుపోయి ఉండటం వల్ల అదురంతా సరుకు మీదికే వచ్చేది. కక్కలపల్లి మార్కెట్‌కు చేరేసరికి అడుగు వరుస బాక్సుల్లో టమోటాలు నలిగి రసం కారేవి, ఆ బాక్సులకు ధర తగ్గేది.

షెడ్డులో నాకు మొదట నచ్చిన విషయం, స్పానర్ పట్టుకునే ముందు టేపు పట్టుకోవడం. మేస్త్రీ బండిని సమంగా ఉన్న బండ మీద నిలబెట్టించి, నాలుగు చక్రాల దగ్గరా చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు కొలిచి, ఆ అంగుళాలను సుద్దముక్కతో నేల మీదే రాశారు. కంపెనీ పట్టీలు మార్చకుండా ఉన్న అదే మోడల్ బండిని, తెలిసిన డ్రైవర్‌కు ఫోన్ చేసి రప్పించి, దాన్నీ అలాగే కొలిచారు. రెండింటికీ ఉన్న తేడాను బట్టి ఎంత దించాలో నిర్ణయించారు తప్ప, కంటి అంచనాతో కాదు. ముందు పట్టీలు సరిగ్గా ఉన్నాయని చెప్పి వాటి జోలికి పోలేదు.

అదనపు పట్టీలు తీసేస్తే పని అయిపోతుందని నేను అనుకున్నాను. అది పొరపాటు. ఏళ్ల తరబడి బరువు మోసిన పట్టీలు వంపు కోల్పోయి ఉంటాయి కనుక, అదనపువి తీసేస్తే బండి ఉండవలసిన ఎత్తు కంటే కిందికి కూర్చుంటుంది. ఆయన కట్ట మొత్తం విప్పి, ఒక్కొక్క పట్టీని కిరోసిన్‌తో తడిపి, గుడ్డతో పొడిగా తుడిచి, పైన సుద్ద రుద్దారు. కొద్దిసేపటికి ఎడమవైపు మెయిన్ పట్టీ మీద, సెంటర్ బోల్టు రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత సన్నని తడి గీత తెల్లటి సుద్ద మీద తేలింది. లోపల దాగిన కిరోసిన్ పగులులో నుంచి పైకి ఊరి వచ్చిందన్నమాట. ఆ పట్టీతో నేను ఎన్నిసార్లు నిండు బరువుతో హైవే ఎక్కానో తలచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. రెండు వైపులా మెయిన్ పట్టీలు, రెండో పట్టీలు కొత్తవి వేయించాను.

గ్యాస్ మంటతో పట్టీని ఎర్రగా కాల్చి వంపు తగ్గించే పద్ధతి కొన్ని చోట్ల ఉంది. ఖర్చు తక్కువే, కానీ అలా చేస్తే ఉక్కు పదును పోయి పట్టీ కుంగిపోతుంది, లేదా విరుగుతుంది. ఈ షెడ్డులో ఆ పని చేయరు. పట్టీల కట్టను ఇరుసుకు బిగించే పాత యూ బోల్టులను కూడా మళ్లీ వాడలేదు. ఒకసారి బిగించినప్పుడు సాగిన బోల్టు రెండోసారి పట్టు నిలపదని చెప్పి కొత్తవి తెప్పించి, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ కొంచెం కొంచెంగా బిగించారు.

బాక్సులు ఎక్కించడం సులువవుతుందని, మరో రెండు అంగుళాలు దించమని నేనే అడిగాను. "వద్దన్నా, బ్రేకు చెడుతుంది" అని ఆయన నన్ను బండి కిందికి పిలిచి, వెనుక ఇరుసు హౌసింగ్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఉన్న సన్నని కడ్డీని చూపించారు. బరువు పడి తొట్టి కిందికి దిగినప్పుడు ఆ కడ్డీ కదిలి, ఒక వాల్వు ద్వారా వెనుక బ్రేకులకు ఒత్తిడి పెంచుతుంది. ఇన్నాళ్లూ బండి ఎత్తుగా ఉండటంతో, నిండు బరువు వేసినా వాల్వు దాన్ని సగం బరువుగానే భావించి, బ్రేకు భారమంతా ముందు చక్రాల మీదే వేసింది. నా ముందు బ్రేకు ప్యాడ్లు ఎందుకు అంత త్వరగా అరిగేవో అప్పుడు అర్థమైంది. అవసరానికి మించి దించితే దీనికి వ్యతిరేకంగా జరిగి, ఖాళీ బండికి గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనుక చక్రాలు పట్టేసి బండి అడ్డం తిరుగుతుంది. డబ్బు వచ్చే పనిని కారణం చూపించి కాదన్న మేస్త్రీని నేను చాలా అరుదుగా చూశాను.

పట్టీలు, బుష్షులు, బోల్టులు, కూలీ కలిపి రూ. 11,800 అయింది. సామాన్లకు దుకాణం బిల్లు ఇచ్చారు కానీ, కూలీకి చీటీ కూడా ఇవ్వలేదు. అంతకంటే పెద్ద లోపం, హెడ్‌లైట్ల సంగతి ఎవరూ చెప్పకపోవడం. వెనుక భాగం దిగితే ముందు భాగం పైకి లేచి లైట్ల వెలుతురు ఎదుటివారి కళ్లలో పడుతుంది. మొదటి రాత్రి గార్లదిన్నె వైపు వస్తున్నప్పుడు ఎదురుగా వచ్చే లారీలన్నీ డిప్ కొట్టసాగాయి. మరుసటి రోజు వేరే చోట లైట్లు సరిచేయించుకున్నాను. 500 కిలోమీటర్ల తరువాత యూ బోల్టులు మళ్లీ బిగించడానికి రమ్మన్నారు, వెళ్లాను, దానికి డబ్బు తీసుకోలేదు.

ఇప్పుడు అడుగు వరుస బాక్సులు నలగడం లేదు. ఆర్‌సీలో రాసిన బరువుకు మించి వేస్తే మాత్రం ఇరుసు ఛాసిస్‌కు కొట్టుకోకుండా ఆపే బంప్ రబ్బరు తగులుతుంది కనుక, మూటలు ఎక్కువ వేయాలనుకునేవారికి ఈ పని పనికిరాదు. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాలి. నాది వచ్చే నెలలో ఉంది. మా బావమరిది పికప్‌కూ ఇలాంటి అదనపు పట్టీలే ఉన్నాయి. వచ్చే ఆదివారం దాన్ని అదే షెడ్డుకు తీసుకువెళుతున్నాను, ఈసారి హెడ్‌లైట్ల మాట ముందే చెబుతాను.